జెన్నీలో బరంపురం నుంచి జయపురం: జీపీఎస్ లేకుండా కొండలు దాటగలమా?

బరంపురం_రెక్కలు
అందరికీ నమస్తే. ఎయిర్‌బస్సులూ బోయింగులూ కంప్యూటర్ సిమ్యులేటర్లో ఎగరేసి ఎగరేసి మొహం మొత్తింది, ఎక్కాక ఆటోపైలట్ పెట్టేసి కూర్చోడమే కదా. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌కి 2022 నవంబరులో నలభయ్యేళ్ళ అప్‌డేట్ అని ఫ్రీగా వచ్చింది చూడండి, అందులో రైట్ ఫ్లయర్, స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్, డీసీ-3 తోపాటు కర్టిస్ జెన్నీ కూడా ఇచ్చారు, మొదటి ప్రపంచయుద్ధం నాటి జంట రెక్కల విమానం. ఒకసారి జెన్నీ ఎక్కాను, ఇంక వేరేది ముట్టబుద్ధి కావట్లేదు. 90 గుర్రాల ఇంజను, గంటకి 60 మైళ్ళు నడక, 45 దగ్గరికొస్తే పడిపోద్ది, అంటే మన చేతిలో ఉన్నది ఆ పదిహేనే. బ్రేకుల్లేవు, తోకకింద చక్రం బదులు చెక్క ఉంటాది.

ఇప్పుడు నా కోరిక ఏటంటే, మన బరంపురం పక్కన రంగెయిలుండ స్ట్రిప్ నుంచి లేచి జయపురంలో దిగాలి. జీపీఎస్ వద్దు, స్క్రీన్ మీద నీలం చుక్క వద్దు, దిక్సూచి, గడియారం, కాయితం మ్యాపు అంతే, 1920లో ఉన్నవే వాడాలి. తిన్నగా గీత గీస్తే దూరం సుమారు 240 కిలోమీటర్లు వస్తంది. జెన్నీ ట్యాంకు రెండు గంటల పైచిలుకే కాబట్టి మధ్యలో ఆగక తప్పదు. తిన్నగా మోహన, ఉదయగిరి కొండల మీదుగా గుణుపురం పోవాలా, లేకపోతే రైలుపట్టాలు పట్టుకుని చుట్టూ తిరిగి పోవాలా? ఎవరైనా ఇలాంటిది చేసుంటే చెప్పండి.

రాయగడ_రైలు
పట్టాలు పట్టుకుని పో తమ్ముడూ, ఆలోచించకు. ఆ రోజుల్లో పైలట్లందరూ చేసింది అదే. బరంపురం నుంచి మెయిన్‌లైను మీద ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, ఆ తర్వాత నౌపడా. నౌపడాలో కుడిచేతి వైపు చీలే లైను పట్టుకుంటే పర్లాకిమిడి, అక్కణ్ణుంచి గుణుపురం. పర్లాకిమిడి దాకా ఆ లైను 1900లోనే వేశారు, పర్లాకిమిడి రాజావారి చిన్నరైలు అది, కాబట్టి నీ పాతకాలం రూలుకి కూడా అడ్డు లేదు.

తిన్నగా కొండల మీద ఎళ్తే ఇంజను ఆగిందనుకో, దిగడానికి చదును జాగా దొరకదు. రైలు కట్ట పక్కన ఎప్పుడూ పొలాలు ఉంటాయి.

కానీ ఒక్క మాట, సరైన పట్టాలే పట్టుకోవాలి. 1918 మే 15న అమెరికాలో వాషింగ్టన్ నుంచి మొట్టమొదటి రెగ్యులర్ ఎయిర్‌మెయిల్ లేచింది, అదీ జెన్నీయే, కాస్త పెద్ద ఇంజను పెట్టిన రకం. జార్జి బోయిల్ అని కుర్ర పైలట్, ఉత్తరానికి ఫిలడెల్ఫియా పోవాల్సినోడు వేరే లైను పట్టుకుని ఆగ్నేయానికి పోయి, వాల్‌డార్ఫ్ అనే ఊరి దగ్గర పొలంలో దిగితే ప్రొపెల్లర్ విరిగిపోయింది. ఆ ఉత్తరాలు రోడ్డు మీద మళ్ళీ వాషింగ్టన్‌కే తీసుకెళ్ళారు. నువ్వు నౌపడాలో చీలిక చూడకుండా ముందుకి పోయావంటే శ్రీకాకుళం రోడ్డులో తేలతావు.

గోపాల్‌పూర్_గాలి
రైలు దారి బావుంది గానీ సముద్రం గాలి సంగతి ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం లేచావంటే ఆగ్నేయం నుంచి గాలి కొడతాది, నువ్వు పోయేది నైరుతికి, అంటే సరిగ్గా ఎడమ పక్కనుంచి. 60 మైళ్ళ బండికి 20 మైళ్ళ అడ్డగాలి అంటే ముక్కు సుమారు 19, 20 డిగ్రీలు సముద్రం వైపు తిప్పి పెడితే గానీ పట్టాల మీద ఉండదు. జెట్‌లో ఐతే ఇది లెక్కలోకే రాదు. జెన్నీలో మాత్రం విమానం ఒక వైపు చూస్తా ఇంకో వైపు నడుస్తాది, మొదటిసారి చూస్తే భలే ఉంటాది. పొద్దున్నే లేచిపోతే ఈ బాధ తగ్గుద్ది.

గుణుపురం_మాష్టారు
పొద్దున్నే లేవమని గాలి చెప్పింది నిజమే కానీ గాలి కన్నా పెద్ద కారణం ఎండ. రెక్కలు, దీన్ని కాయితం మీద లెక్కేసి చూడు నాయనా.

జెన్నీ పైకెక్కగలిగే హద్దు సుమారు 6,500 అడుగులు. కోరాపుట్ ఎత్తు సుమారు 870 మీటర్లు, అంటే 2,850 అడుగులు. ఇంకా మూడున్నర వేల అడుగులు చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ విమానానికి తెలిసేది ఎత్తు కాదు, గాలి చిక్కదనం. ఆ ఎత్తులో స్టాండర్డ్ లెక్క ప్రకారం ఉండాల్సిన వేడి 9 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 35 అనుకో, 26 డిగ్రీలు ఎక్కువ. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగులు కలుపుకోవాలి. అంటే మూడు వేల పైచిలుకు. కోరాపుట్ నేలమీద నిలబడే నీ జెన్నీ దాదాపు ఆరువేల అడుగుల మీద ఉన్నట్టు లెక్క! హద్దుకి ఇంక ఎంత మిగిలింది చూసుకో. రెక్కకీ గాలి చాలదు, ఇంజనుకీ గాలి చాలదు, ప్రొపెల్లర్‌కీ చాలదు. మూడూ ఒకేసారి నీరసపడతాయి.

అదే డిసెంబరు పొద్దున్న 10 డిగ్రీల్లో ఐతే అసలు ఎత్తూ, ఈ లెక్క ఎత్తూ ఇంచుమించు ఒకటే. కాబట్టి వెదర్‌లో లైవ్ తీసేసి నువ్వే పెట్టుకో, చలికాలం, ఉదయం ఏడు గంటలు. కిటీ హాక్‌లో మొదటిసారి ఎగిరినప్పుడు రైట్ సోదరులకి కలిసొచ్చింది కూడా ఇదే, సముద్రమట్టం, గడ్డకట్టే చలి, ఎదురుగాలి.

జయపురం_కుర్రోడు
మాష్టారూ నమస్కారం. మరి మా లాంటోళ్ళ సంగతేటి? నాది పాత లాప్‌టాప్, గ్రాఫిక్ కార్డు లేదు, కొత్త మైక్రోసాఫ్ట్‌ది ఓపెన్ కూడా అవ్వదు, పైగా అది మ్యాపులన్నీ నెట్ మీద లాగుతాది, మా వీధిలో నెట్ ఎప్పుడుంటాదో ఎప్పుడు పోతాదో తెలీదు. జెన్నీ నాకు దొరికే దారి ఉందా?

బరంపురం_రెక్కలు
ఉంది. మైక్రోసాఫ్ట్‌దే 2004 వెర్షను, సెంచరీ ఆఫ్ ఫ్లైట్ అని 2003లో వచ్చింది, రైట్ సోదరుల వందేళ్ళ సందర్భంగా. దాంట్లో రైట్ ఫ్లయర్, జెన్నీ, విక్కర్స్ విమీ, ఫోర్డ్ ట్రైమోటర్, లాక్‌హీడ్ వేగా అన్నీ ఉన్నాయి. డిస్కు ఎవరి దగ్గరైనా ఉంటే నీ లాప్‌టాప్ మీద హాయిగా నడుస్తాది. మన కొండలు అందులో పచ్చటి ముద్దలాగా కనిపిస్తాయి గానీ ఎత్తులు పర్లేదు.

లేదంటే ఫ్లైట్‌గేర్. పూర్తిగా ఫ్రీ. రైట్ ఫ్లయర్, మొదటి ప్రపంచయుద్ధం నాటి యుద్ధ విమానం సోప్‌విత్ క్యామెల్ రెండూ ఉన్నాయి. ముందే మన ఏరియా నేల డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా ఎగరొచ్చు. అక్షాంశం రేఖాంశం కొట్టి మీ ఇంటి పక్క పొలంలోనే లేవొచ్చు.

పర్లాకిమిడి_అక్క
కుర్రోడా, ఫ్లైట్‌గేర్ పెట్టుకో గానీ కీబోర్డుతో మాత్రం ఎగరకు, ఈ విమానాలు కీబోర్డుతో ఎగరవు. పాతదో సెకండ్ హ్యాండ్‌దో, చేత్తో మెలితిప్పితే రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక పలక) తిరిగే జాయ్‌స్టిక్ ఒకటి కొను, అది చాలు.

రెక్కలు తమ్ముడూ నీకు కూడా చెప్తన్నాను. సెట్టింగ్స్‌లోకి పోయి ఆటో రడ్డర్, ఆటో మిక్స్చర్ (ఇంజనుకి పోయే పెట్రోలు, గాలి పాళ్ళు), ఇంకా సాయం పేరుతో ఏవేవి ఉన్నాయో అన్నీ తీసెయ్. జెన్నీకి ఐలరాన్లు, అంటే విమానాన్ని పక్కకి వాల్చే పలకలు, పై రెక్కకి మాత్రమే ఉంటాయి, రెక్క పొడవేమో 43 అడుగులు దాటుద్ది. ఎడమకి వాలుద్దామని స్టిక్ తోస్తే ముక్కు ముందు కుడికి పోద్ది, అప్పుడు నువ్వు ఎడమ రడ్డర్ ఇవ్వాలి, అప్పుడు గానీ మలుపు మలుపులా రాదు. ఆటో రడ్డర్ ఉంటే ఇదంతా కంప్యూటర్ చేసి పెట్టేస్తాది, ఇంక నువ్వు పాత విమానం ఎగరేసింది ఎక్కడ, బొమ్మ మార్చిన కొత్త విమానం ఎగరేశావు అంతే. నిజం విమానంలో రడ్డర్ కాళ్ళతోనే తిప్పుతారు, నా వరకు నాకు ఈ విమానాల్లో అసలు సంగతి ఆ కాళ్ళే.

పక్కకి జారుతున్నామో లేదో నిజం పైలట్‌కి చెంపకి తగిలే గాలి చెప్పేది. మనకి ఫ్యాను గాలే కదా తగిలేది. రైట్ సోదరులు గ్లైడర్ ముందర ఒక దారం ముక్క కట్టుకునేవాళ్ళు, అది పక్కకి వాలితే జారుతున్నట్టు. మనం ఐతే చెవుల్తో పట్టుకోవాలి, హెడ్‌ఫోన్ పెట్టుకుని రెక్కల మధ్య తీగల మోత విను, మోత తగ్గుతా ఉంటే స్పీడు పడతంది అని అర్థం, ముల్లు చూసే లోపే చెయ్యి ముందుకి పోవాలి.

జయపురం_కుర్రోడు
అక్కా క్యామెల్ పెట్టాను. ఎడమకి తిరిగితే ముక్కు పైకి లేస్తంది, కుడికి తిరిగితే కిందకి దూకేస్తంది, రన్‌వే చివర్లోనే గిరగిరా తిరిగి పడిపోతంది. ఇది మరీ ఎక్కువ చేసి పెట్టినట్టు లేదా? నిజం విమానం ఇలగే ఉంటే యుద్ధంలో ఎవరు ఎక్కుతారు?

పర్లాకిమిడి_అక్క
ఎక్కారు, చాలామంది ఎక్కి పోయారు కూడా. క్యామెల్ నడిపినోళ్ళలో పోరులో చనిపోయింది 413 మంది, పోరు కాకుండా ట్రైనింగులో, ప్రమాదాల్లో పోయింది 385 మంది. దాదాపు సమానం. శత్రువు ఎంతో, ఆ ఇంజను అంత.

ఐతే ఒక్కో సిమ్యులేటర్‌లో ఒక్కోలా ఉంటాది, అది ఒప్పుకుంటాను. 2009లో వచ్చిన రైజ్ ఆఫ్ ఫ్లైట్‌లో ఈ ఇంజను లాగుడు బాగా తెలిసేది, ఆ దారిలోనే వచ్చింది ఇల్-2 వాళ్ళ ఫ్లయింగ్ సర్కస్. మామూలు సివిల్ సిమ్యులేటర్లలో చాలా యాడాన్లలో అది నామమాత్రమే. నీకు తెలుస్తంది అంటే సంతోషించు, చేసినోడు పని తెలిసి చేశాడు.

గుణుపురం_మాష్టారు
కుర్రవాడికి కారణం కూడా చెప్పాలి కదా. మన కారుల్లో ఇంజను బ్లాకు కదలదు, లోపల క్రాంకు తిరుగుతుంది. క్యామెల్‌లో క్లెర్జే రోటరీ అంటే తిరగేసిన ఏర్పాటు. క్రాంకు విమానానికి బిగించేసి ఉంటుంది, తొమ్మిది సిలిండర్ల ఇంజను మొత్తం ప్రొపెల్లర్‌తో కలిసి నిమిషానికి వెయ్యి పైన చుట్లు తిరుగుతుంది. చల్లబరచడానికి నీళ్ళు అక్కర్లేదు, తేలిక, అందుకని అలా చేశారు.

ఇంటి దగ్గర సైకిల్ ముందుచక్రం ఊడదీసి ఇరుసు రెండు చేతులతో పట్టుకో. పక్కన ఎవరినైనా గట్టిగా తిప్పమని, తిరుగుతుండగా నీవు కుడికి తిప్పి చూడు. చక్రం నీ మాట వినదు, వేరే దిక్కుకి ఒరుగుతుంది. నీవు తోసిన దిక్కుకి తొంభై డిగ్రీల అవతల స్పందిస్తుంది. క్యామెల్ ముక్కులో ఉన్నదీ అలాంటి చక్రమే, బరువు మాత్రం చాలా ఎక్కువ. పైలట్ వైపు నుంచి చూస్తే కుడిచేతి వైపు తిరుగుతుంది కాబట్టి కుడి మలుపులో ముక్కు దిగుతుంది, ఎడమ మలుపులో లేస్తుంది. చిత్రం ఏమిటంటే రెండు మలుపులకీ ఎడమ రడ్డరే కావాలి. పైగా ఇంజను, తుపాకులు, పైలట్, పెట్రోలు అన్నీ ముందు ఏడు అడుగుల్లోనే ఇరికించారు, అంచేత కాస్త కదిపితే చటుక్కున తిరిగిపోతుంది. తెలిసినవాడి చేతిలో అదే దాని బలం.

దానికి పోసే నూనె ఆముదం. పెట్రోలులో కరగదు కాబట్టి అదే వాడేవాళ్ళు. ఒకసారి ఇంజనులోకి పోయిన నూనె మళ్ళీ వెనక్కి రాదు, కాలిపోగా మిగిలింది పైలట్ మొహాన పడేది.

పర్లాకిమిడి_అక్క
మాష్టారు చెప్పిందానికి ఒక్క ముక్క కలుపుతాను. క్యామెల్‌లో మన కారు యాక్సిలేటర్ లాంటిది లేదు. దిగేటప్పుడు స్టిక్ మీద బ్లిప్ బటన్ నొక్కితే మంట ఆగుద్ది, వదిలితే మళ్ళీ అందుకుంటాది. బుర్ర్, ఆగు, బుర్ర్, ఆగు. జాయ్‌స్టిక్ ట్రిగ్గర్‌కి దాన్ని కట్టుకో కుర్రోడా. లేచాక మిక్స్చర్ కొంచెం పల్చన చెయ్యాలి, లేకపోతే చెట్ల మీద ఉండగా ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగుద్ది. నిజంగా కొత్త పైలట్లు చాలామంది పోయింది సరిగ్గా అక్కడే.

ఇంకో మాట, మనోళ్ళు కూడా వీటిలో ఎగిరారు. హర్దిత్ సింగ్ మాలిక్ క్యామెల్ నడిపాడు. ఇంద్రలాల్ రాయ్ కలకత్తా కుర్రాడు, ఎస్ఈ5ఏ అనే యుద్ధ విమానం మీద 1918 జులైలో పది రోజుల చిల్లరలో పది విజయాలు, జులై 22న పోయాడు, పందొమ్మిదేళ్ళు. ఎస్ఈ5ఏది రోటరీ కాదు, నీళ్ళతో చల్లబడే ఇంజను, తిన్నగా పోయే బండి. కొత్తగా యుద్ధ విమానాలు మొదలెట్టేవాళ్ళు దానితో మొదలెట్టండి, క్యామెల్‌తో కాదు.

గోపాల్‌పూర్_గాలి
అన్నీ బావున్నాయి గానీ రైట్ ఫ్లయర్‌లో ఏముంది అసలు? లేస్తాది, పడతాది. పన్నెండు సెకన్ల విమానం.

బరంపురం_రెక్కలు
మొదటిది పన్నెండు సెకన్లు, 120 అడుగులు. అదే రోజు నాలుగోది 59 సెకన్లు, 852 అడుగులు. మధ్యలో వాళ్ళు నేర్చుకున్నదే అసలు సంగతి గాలన్నా. ముందున్న ఎలివేటర్‌ని, అంటే ముక్కుని పైకీ కిందకీ తిప్పే పలకని, వెంట్రుకంత కదిపితే ముక్కు లేస్తాది, సరిచేద్దామంటే మునుగుతాది. జాయ్‌స్టిక్ సెన్సిటివిటీ బాగా తగ్గించుకోండి. ఇంకా ముఖ్యం, గాలి. చాలామంది ప్రశాంతమైన వెదర్‌లో పెట్టి లేవట్లేదు అంటారు. ఆ రోజు 1903 డిసెంబరు 17న గాలి గంటకి 20 నుంచి 27 మైళ్ళు, ఇంజను పన్నెండు గుర్రాలు. ఎదురుగాలే సగం పని చేసింది, నేల మీద చూస్తే మనిషి పరిగెత్తే వేగం కూడా లేదు. 2003లో వందేళ్ళ పండగకి అదే చోట నకలు విమానం లేపుదామంటే వాన, గాలి చాలక లేవనే లేదు. సిమ్యులేటర్‌లో గాలి 25 మైళ్ళు తిన్నగా మొహానికి పెట్టి, పది అడుగుల ఎత్తు దాటకుండా ఒక్క నిమిషం నిలబెట్టి చూడన్నా, అప్పుడు మాట్లాడుకుందాం.

రాయగడ_రైలు
ఇంతకీ తమ్ముడూ ఎళ్ళావా లేదా?

బరంపురం_రెక్కలు
ఎళ్ళాను! మాష్టారు చెప్పినట్టే డిసెంబరు, పొద్దున్న ఏడు, గాలి తక్కువ. ఇచ్ఛాపురం దాకా పట్టాలు ఎడమ రెక్క కింద పెట్టుకుని 1,500 అడుగుల్లో పోయాను, కుడిచేతి వైపు మహేంద్రగిరి కనిపిస్తా ఉంది. జెన్నీలో ముందుకి ఏమీ కనపడదు కదా, రేడియేటరూ ఇంజనూ అడ్డం, తల పక్కకి పెట్టి చూడాల్సిందే. నౌపడా చీలిక దొరికింది, పర్లాకిమిడి బయట పొలంలో దిగి పెట్రోలు నింపాను. గుణుపురంలో మళ్ళీ దిగి నింపాను.

గుణుపురం నుంచి రాయగడ నలభై కిలోమీటర్లే గానీ మధ్యలో కొండలు. వంశధార లోయలోనే గుండ్రంగా తిరుగుతా తిరుగుతా ఎత్తు సంపాదించాను, అస్సలు తొందరపడదు ఈ బండి, ముక్కు లేపితే నీళ్ళ వేడి ముల్లు లేచిపోతాది, దించితే ఎత్తు పోతాది. నాలుగు వేలు దాటాక గానీ పడమటికి తిప్పలేదు. నాగావళి కనపడ్డాక ప్రాణం లేచొచ్చింది.

అక్కణ్ణుంచి కోరాపుట్ లైను. రాయగడ అన్నా, నువ్వు ముందే చెప్పాల్సింది, పట్టాలు సొరంగాల్లోకి పోతే నేనేం చూసుకోవాలి! టికిరి, లక్ష్మీపూర్ దాటాక లైను కొండలో దూరుద్ది, ఇంకో లోయలో బయటికొస్తాది, దిక్సూచి పట్టుకుని గడియారం చూసుకుని అవతల వెతుక్కోవాలి. ఎడమచేతి వైపు దూరంగా దేవమాలి, 1,672 మీటర్లు, నా కన్నా పైనే ఉంది. కోరాపుట్ దాటాక జయపురం ఘాటీ దిగడం మాత్రం ఎంత హాయో, ఇంజను సగానికి దించి అలా జారిపోవడమే. ఎయిర్‌పోర్టులో గాలికి ఎదురుగా దిగాను.

రాయగడ_రైలు
సొరంగాలు ఉంటాయని ఇటు బండెక్కిన ఎవరినడిగినా చెప్తారు తమ్ముడూ. ఐనా అడుగుతున్నాను, నీ పాతకాలం రూలు ఏమైంది? కోరాపుట్–రాయగడ లైను వచ్చింది 90ల్లో, జయపురం మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైను 60ల్లో. 1920లో నీకు అక్కడ పట్టాలే లేవు.

బరంపురం_రెక్కలు
అది నిజమే అన్నా. ఈసారి రాయగడ నుంచి పట్టాలు చూడకుండా చేస్తాను, దిక్సూచి పడమర-నైరుతి, గంటకి 60 మైళ్ళ లెక్కన 50 నిమిషాలు పైన.

గుణుపురం_మాష్టారు
గాలి సున్నా పెట్టి మొదటిసారి చెయ్యి, తర్వాత 10 మైళ్ళు పక్కగాలి పెట్టుకో. దిక్సూచి మలుపులో ఉన్నప్పుడు చూడకు, రెక్కలు సమంగా పెట్టి అది ఊగడం ఆగాక చదువు.

పర్లాకిమిడి_అక్క
ఆదివారం రాత్రి ఎనిమిదికి అందరం కలిసి పోదామా? రాయగడలో లేద్దాం, వెదర్ అందరూ ఒకటే పెట్టండి, 10 డిగ్రీలు, గాలి ఉత్తరం నుంచి 10 మైళ్ళు. మైక్రోసాఫ్ట్ ఉన్నోళ్ళు జెన్నీ, కుర్రోడు ఫ్లైట్‌గేర్‌లో క్యామెల్ తీసుకొని ఫోన్‌లో మాట్లాడతా అదే దారిన రావచ్చు. క్యామెల్ మా కన్నా చాలా ముందెళ్ళిపోద్ది, కాబట్టి మేం లేచిన అరగంటకి లేవు.

జయపురం_కుర్రోడు
వస్తానక్కా. జాయ్‌స్టిక్ శుక్రవారానికి వస్తాదన్నారు, బ్లిప్ బటన్ ట్రిగ్గర్‌కి కట్టి ఉంచుతాను. జయపురంలో దిగే దిక్కు కూడా ఒకటే పెట్టుకుందామా?

పర్లాకిమిడి_అక్క
గాలి ఎటుంటే అటు. పైనుంచి ఒక చుట్టు తిరిగి విండ్‌సాక్ చూసి దిగండి.